స్పిరులినా అసలు యాడిది? తిరుపతిలో తొట్టెలో పెంచొచ్చా?

చంద్రగిరి చిన్నోడు:
మందుల షాపులో స్పిరులినా మాత్రలు ఇస్తా 'సముద్రపు నాచు, నాసా కనిపెట్టింది, శాకాహారులకు బి12 దొరుకుతుంది' అంటున్నారు. ఇందులో ఏది నిజం? మా చెరువు మీద తేలే పచ్చపాచి కూడా ఇదేనా? మిద్దె మీద 100 లీటర్ల తొట్టెలో పెంచాలంటే ఏమేం కలపాల?

పాచి పరిశోధన:
మూడూ తప్పే అన్నా. ఇది సముద్రంలోది కాదు, సోడా ఎక్కువుండే సరస్సుల్లో పెరిగే సయనోబాక్టీరియా, అంటే ఎండతో బతికే నీలిపచ్చ సూక్ష్మజీవి. మెక్సికోలో టెక్స్‌కోకో సరస్సు మీద దీన్ని వడగట్టి, ఎండబెట్టి అజ్టెక్ జనం తినేవాళ్లు. ఆఫ్రికాలో చాద్ సరస్సు పక్కన కనెంబు ఆడవాళ్లు ఇప్పటికీ ఇసక మీద ఆరబోసి 'దిహె' అని బిళ్లలు చేస్తారు. 1940లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త డంజార్ ఆ బిళ్లల గురించి రాసినా ఎవరూ పట్టించుకోలేదు. 1960లలో బెల్జియం వృక్షశాస్త్రవేత్త లెయొనార్ మళ్లీ చూసినాకే పేరొచ్చింది. నాసా ఆ తరవాతెప్పుడో అంతరిక్ష ఆహారంగా పరిశీలించింది, అంతే.

బి12 మాట మరీ ప్రమాదం. దీంట్లో ఎక్కువగా ఉండేది నకిలీ బి12, మన ఒంటికి పనికిరాదు. లోపం ఉంటే డాక్టరు రాసిన మందే వాడాల.

చెరువు పాచి జోలికి పోవద్దు. అది మైక్రోసిస్టిస్ అనే విషపు పాచి అయితే లివరు దెబ్బతింటుంది.

తొట్టె లెక్క:
స్పిరులినా పెంచే నీళ్లకు వాడే జార్రుక్ మిశ్రమం (1966) ప్రకారం 100 లీటర్లకు: వంటసోడా 1.68 కిలోలు, సోడియం నైట్రేట్ 250 గ్రాములు, ఉప్పు 100, పొటాషియం సల్ఫేట్ 100, డైపొటాషియం ఫాస్ఫేట్ 50, మెగ్నీషియం సల్ఫేట్ 20, కాల్షియం క్లోరైడ్ 4, ఈడీటీఏ (ఇనుమును నీళ్లలో కరిగి ఉండేట్టు పట్టుకునే రసాయనం) 8, ఫెర్రస్ సల్ఫేట్ 1. బోరాన్, జింకు లాంటివి మిల్లీగ్రాముల్లో. ఫెర్రస్‌ను ముందు ఈడీటీఏతో విడిగా కరిగించి ఆఖర్న పోయాల. నేరుగా వేస్తే ఇనుము అడుక్కి దిగిపోతుంది, పంట పసుపెక్కుతుంది.

ఎరువుల అంగడి రకం వద్దు, ఫుడ్ గ్రేడే కొనండి. సీసం, ఆర్సెనిక్ ఉంటే ఇది పీల్చుకుంటుంది.

లోతు జానెడుకు మించకూడదు. రోజుకు నాలుగైదుసార్లు కలపాల. పీహెచ్ 9–10.5 మధ్య ఉండాల. కర్రకు కట్టిన తెల్ల బిళ్ల 3 సెంటీమీటర్ల లోతులోనే కనబడకపోతే కోతకొచ్చినట్టు. సన్నటి గుడ్డలో మూడో వంతే వడగట్టి, నీళ్లు తిరిగి తొట్లోనే పోయండి. ముద్దను అదే రోజు 60 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టాల, లేదంటే కుళ్లుతుంది.

మిద్దెతోట:
పైన చెప్పిందానికి రెండు చేర్పులు. బోరు నీళ్లకు గిన్నెల్లో తెల్లపొర కడతా ఉంటే కాల్షియం క్లోరైడ్ వేయొద్దు. సున్నం ఫాస్ఫేటును కూడా లాక్కొని అడుగున దిగిపోతుంది. ఆర్వో నీళ్లు మేలు. రెండోది, మన ఎండలకు నీళ్లు 40 డిగ్రీలకు చేరితే పంట తెల్లబోయి చస్తుంది. షేడ్ నెట్ తప్పదు, ముఖ్యంగా విత్తనం (బతికున్న స్పిరులినా నీళ్లు) పోసిన మొదటి వారం. అప్పుడు పంట పల్చన కదా, వెలుతురు నేరుగా కొడుతుంది.

చంద్రగిరి చిన్నోడు:
నైట్రేట్ బదులు యూరియా వేస్తే?

తొట్టె లెక్క:
వద్దు. ఆ పీహెచ్‌లో అమ్మోనియాగా మారుతుంది, కొంచెం ఎక్కువైనా తొట్టె మొత్తం పోతుంది. మూత తీస్తానే ఘాటు వాసనొస్తే అప్పటికే ఆలస్యం.