పత్తిలో గులాబీ రంగు పురుగు హెచ్చరిక వచ్చింది, మందు కొట్టాలా? మహారాష్ట్రలోని కిన్వట్, రాజూరా, సిరొంచ వైపు రైతులు చెప్పండి

కిన్వట్_పత్తిచేను:
మా పత్తి 70 రోజులు దాటింది, పూతా కాతా మీదుంది. గులాబీ రంగు పురుగు పెరుగుతోందని మరాఠీలో మెసేజ్ వచ్చింది. పక్క చేన్లవాళ్లు అప్పుడే పంపులు భుజానికెత్తుకున్నారు. నా లింగాకర్షక బుట్టలో (ఆడపురుగు వాసన ఉన్న ఎరతో మగ పురుగులను పట్టేది) మాత్రం రాత్రికి ఒకటీ రెండు రెక్కల పురుగులే పడుతున్నాయి. కొట్టాలా, ఆగాలా? బాగా టెన్షన్‌గా ఉంది.

రాజూరా_రైతు:
ఆగు తమ్ముడూ. 2008లో సోయాబీన్‌ను పురుగు తినేశాక మహారాష్ట్రలో క్రాప్‌సాప్ అనే నిఘా మొదలుపెట్టారు. కొన్ని చేన్లను ఎంచుకుని పురుగులు లెక్కపెడతారు, లెక్క హద్దు దాటితే ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ హెచ్చరిక పోతుంది. అది అందగానే మనం చేన్లోకి దిగి చూసుకోవాలి. బుట్టకు ఎనిమిది రెక్కల పురుగుల చొప్పున వరసగా మూడు రాత్రులు పడితే మందు గురించి ఆలోచించు. ఈలోగా గుడ్డిపూలు, అంటే పురుగు దూరి విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పూలు, ఏరి నాశనం చెయ్యి. ఎకరంలో అక్కడక్కడా 20 పచ్చికాయలు కోసి పగలగొట్టు, రెండింట్లో పురుగుంటే కొట్టాల్సిందే. కాయ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల గింజ పోతుంటుంది. పగలగొట్టకుండా ఎవరూ చెప్పలేరు.

పాండర్‌కవడ_అక్క:
అన్న చెప్పింది నిజం. 2017లో మా యవత్మాల్ జిల్లాలో మందు కొడుతూ విషమెక్కి రైతులు, కూలీలు చనిపోయారు. అవసరం లేని పిచికారీ ఒక్కటి తగ్గినా నాకు అదే పెద్ద లాభం. ఇంతకీ నీ బుట్టలో ఎర ఎప్పటిది తమ్ముడూ? నెల దాటితే వాసన తగ్గిపోతుంది, పురుగు లేదనుకుని మోసపోతాం. శనగపచ్చ పురుగు ఎర వేరు, కవరు మీద చూసి కొనుక్కో.

సిరొంచ_ప్రాణహిత:
మా పెద్దవాళ్లకు మరాఠీ మెసేజ్ చదవడం రాదు. అందుకే ఏటి అవతల కాళేశ్వరం వైపు చుట్టాలతో కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. పొద్దున్నే ఎవరి బుట్టలో ఎన్ని పడ్డాయో తెలుగులో వాయిస్ పెడతాం. ఒక చేన్లో లెక్క పెరిగిందంటే ఆ వారమంతా చుట్టుపక్కల వాళ్లం కాయలు పగలగొట్టి చూస్తాం. పురుగేదో పోల్చుకోలేకపోతే, 2024 ఆగస్టు 15న కేంద్రం తెచ్చిన ఎన్‌పీఎస్‌ఎస్ యాప్‌లో ఫొటో పెట్టొచ్చు.

కిన్వట్_పత్తిచేను:
అక్కా, ఎర పాతదే, మార్చాను. 20 కాయలు పగలగొడితే ఒక్కదాంట్లో పురుగు కనిపించింది. ఇప్పటికి మందు కొట్టట్లేదు, గుడ్డిపూలు ఏరిస్తున్నాను. కొత్త ఎరకు ఎన్ని పడతాయో ఇక్కడే పెడతాను. ఆదిలాబాద్ వైపు ఎవరైనా ఉంటే మీ బుట్టల లెక్క కూడా పెట్టండి.