ఆడపిల్లలకి ప్యాంటు యూనిఫాం అడగొచ్చా? బాత్రూమ్ గడియ సంగతి ఎవరికి చెప్పాలి?

తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి, మా పాప ఎనిమిదో తరగతి, ప్రైవేట్ స్కూలు. కాలవ గట్టు మీద సైకిలేసుకుని వెళ్తది, ఆ గాలికి ఒక చేత్తో స్కర్టు, రెండో చేత్తో హ్యాండిలు. ప్యాంటూ చొక్కా వేస్తామంటే రూలు ఒప్పుకోదన్నారు హెడ్ మేడమ్ గారు. కేరళలో బాలుస్సేరి గవర్నమెంట్ స్కూల్లో 2021లోనే ఇంటర్ పిల్లలకి ఆడా మగా ఒకటే పెట్టారు కదా, గోల జరిగిందనుకోండి, అయినా పెట్టారు.

అసలు బాధ బాత్రూమ్‌దండి. ఆడపిల్లల వైపు తలుపుకి గడియ ఊడిపోయింది, ఒకత్తి లోపలికెళ్తే ఇంకొకత్తి బయట తలుపు లాగి పట్టుకోవాలి, పైన రేకు కూడా లేక మేడ మెట్ల మీంచి చూస్తే కనపడిపోద్ది, దాంతో పిల్ల సాయంత్రం దాకా నీళ్ళే తాగట్లేదు, బాటిల్ ఎలా పంపితే అలాగే ఇంటికొస్తంది. విద్యాహక్కు చట్టం 2009లో ఆడపిల్లలకి వేరే మరుగుదొడ్డి ఉండాలని ఉంది, మరి గడియ లేనిది ఉన్నట్టా లేనట్టా?

ఎంఈఓ (మండల విద్యాశాఖ అధికారి) గారికి రాసిస్తే ప్రైవేట్ స్కూలుని అడుగుతారా, డీఈఓ (జిల్లా విద్యాశాఖ అధికారి) ఆఫీసుకే వెళ్ళాలా? మా పేరు బయటికి రాకుండా అవుద్దా? ఫీజు కట్టేశాం, స్కూలు మార్చలేం. ప్యాంటుకి ఒప్పించినవాళ్ళెవరైనా ఉంటే ఏం మాట్లాడారో చెప్పండి, నలుగురు తల్లుల్ని పోగేసుకుని వెళ్తే మంచిదంటారా?