పోలీసు ఉద్యోగి సంఘంలో చేరవచ్చా? మా తమ్ముడి కోసం అడుగుతున్నాను

ఆడుగోడి అక్క (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది బాగేపల్లి తాలూకాలో ఒక పల్లె. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో కన్నడం చదువుకుంటూ పెరిగినవాళ్లం. మా తమ్ముడు ఆరేళ్లుగా బెంగళూరు నగర సాయుధ రిజర్వులో కానిస్టేబులుగా పనిచేస్తూ, భార్యాబిడ్డలతో ఆడుగోడి పోలీసు క్వార్టర్సులో ఉంటున్నాడు. పండుగలకూ ఊరేగింపులకూ ఎన్నికలకూ బందోబస్తుకు వెళ్లడమే వాడి పని. బయలుదేరితే ఇంటికి ఎప్పుడు తిరిగి వస్తాడో వాడికే తెలియదు.

పోయిన నెల వాడి ఫోనుకు ఒక వాట్సాప్ గ్రూపు లింకు వచ్చింది. పోలీసుల హక్కుల కోసం పెట్టిన సంఘమనీ, 500 రూపాయలు కట్టి, పేరు, మెటల్ నంబరు (పోలీసు బ్యాడ్జి మీది సంఖ్య), ఆధార్ ప్రతి పంపితే సభ్యత్వ కార్డు ఇస్తామనీ అందులో రాశారు. తోటివారు కొందరు ఇప్పటికే చేరారట. తమ్ముడు చేరదామనే ఉన్నాడు. మరదలు మాత్రం ఉద్యోగానికే ముప్పు వస్తుందేమోనన్న బెంగతో రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

నాకు అయోమయంగా ఉన్న విషయం ఇంకొకటి ఉంది. మా పెదనాన్నగారు చిత్తూరు జిల్లా పోలీసు శాఖలో పనిచేసి ఏఎస్సైగా పదవీ విరమణ చేశారు. సర్వీసు పొడవునా ఆయన పోలీసు అధికారుల సంఘంలో సభ్యులే. జిల్లా శాఖ ఎన్నికల్లో ఓటు వేసి వచ్చి, ఎవరు గెలిచారో భోజనాల దగ్గర చెప్పేవారు. ఆయనకు లేని భయం మా తమ్ముడికి ఎందుకు ఉండాలి? సమ్మె చేసే హక్కు లేనప్పుడు అటువంటి సంఘం అసలు ఏ పని చేస్తుంది? చట్టం తెలిసినవారూ, శాఖలో పనిచేసినవారూ దయచేసి వివరంగా చెప్పగలరు.

శివాజీనగర్ న్యాయవాది:

ముందుగా మీ తమ్ముడిని ఆ గ్రూపుకు డబ్బుగానీ, ఆధార్ ప్రతిగానీ పంపవద్దని చెప్పండి. కారణం వివరిస్తాను.

సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం పౌరులందరికీ ఇచ్చింది. అయితే సాయుధ దళాలకూ, శాంతిభద్రతలు కాపాడే దళాలకూ ఆ హక్కులు ఎంతవరకు వర్తించాలో పార్లమెంటు నిర్ణయించవచ్చని 33వ అధికరణం చెబుతోంది. ఆ అధికారంతో చేసినదే 1966 నాటి పోలీసు దళాల హక్కుల నియంత్రణ చట్టం. దాని 3వ సెక్షన్ ప్రకారం, కేంద్ర ప్రభుత్వం లేదా నిర్దేశించిన అధికారి స్పష్టమైన అనుమతి లేనిదే పోలీసు ఉద్యోగి కార్మిక సంఘంలోగానీ రాజకీయ సంఘంలోగానీ సభ్యుడు కాకూడదు. దళంలో భాగంగా గుర్తింపు పొందని ఇతర సంఘాలలో కూడా, అవి కేవలం సామాజిక, వినోద, మత సంబంధమైనవి అయితే తప్ప, చేరకూడదు. ఉల్లంఘిస్తే 4వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలుశిక్ష, లేదా 2000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. శాఖాపరమైన చర్య దీనికి అదనం.

ఇక్కడ కీలకమైన మాట ‘గుర్తింపు’. మీ పెదనాన్నగారి సంఘానికి అది ఉంది కాబట్టే ఆయన ధైర్యంగా ఓటు వేసి వచ్చారు. మీ తమ్ముడికి లింకు వచ్చిన సంఘానికి అది లేకపోతే, చేరడమే ఉల్లంఘన అవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోనే కాదు, తెలంగాణ, కేరళ, బీహార్‌లలోనూ కింది స్థాయి పోలీసు ఉద్యోగులకు సంఘాలు ఉన్నాయి. కేరళలో రెండు సంఘాలు వేర్వేరు హోదాలవారికి ప్రాతినిధ్యం వహిస్తున్నాయి.

గుర్తింపు ఇచ్చిన ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకోవచ్చు కూడా. ఢిల్లీలో నాన్ గెజిటెడ్ (కింది స్థాయి) పోలీసు ఉద్యోగుల యూనియన్‌కు 1966లో గుర్తింపు ఇచ్చి, మరుసటి ఏడాదే రద్దు చేశారు. ఆ వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. సంఘం పెట్టుకునే హక్కు ఉన్నంత మాత్రాన ప్రభుత్వ గుర్తింపు కూడా హక్కుగా రాదని కోర్టు 1986 నవంబరులో తేల్చి చెప్పింది. ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది. ఐపీఎస్ అధికారులకు సంఘం ఉన్న దేశంలో, ఎండలో నిలబడే కానిస్టేబుల్ నోరు విప్పాలంటే ఎవరో గుర్తింపు దయచేయాలనడం న్యాయంగా నాకు తోచదు. నా అభిప్రాయం ఎలా ఉన్నా, ఈ రోజు చట్టం అదే. మీ తమ్ముడు దానికి లోబడే నడవాలి.

మన కర్ణాటకలో జరిగిన సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2016 జూన్ 4న పోలీసులంతా మూకుమ్మడిగా సెలవు పెట్టాలని ఒక సంఘం పేరుతో పిలుపు వచ్చింది. పిలుపునిచ్చిన వ్యక్తిని ఆ తేదీకి ముందే రాజద్రోహం సెక్షన్ కింద అరెస్టు చేశారు. ఆ రోజున సిబ్బందిలో ఎక్కువమంది విధులకే హాజరయ్యారు. కోరికలు మాత్రం అబద్ధం కాదు. జీతాలు, సెలవులు, అధికారుల ఇళ్లలో ఆర్డర్లీ చాకిరీ, అన్నీ నిజమైన కష్టాలే.

రిటైర్డ్ ఎస్సై, వైట్‌ఫీల్డ్:

అమ్మా, నేను ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో 34 ఏళ్లు పనిచేసి, ఇప్పుడు కొడుకు దగ్గర వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాను. రెండు పర్యాయాలు మా జిల్లా సంఘంలో కార్యవర్గ సభ్యుడిగా ఉన్నాను. చట్టం సంగతి లాయరుగారు చెప్పారు. సంఘం ఏం పని చేస్తుందన్న మీ ప్రశ్నకు నేను చూసినది చెబుతాను.

కానిస్టేబుల్ మొదలు ఇన్‌స్పెక్టర్ వరకు ఉన్నవారికి మా సంఘం. పత్రికల్లో కనిపించేది మాత్రం చాలా చిన్న భాగం. ఏదో ఒక రాజకీయ నాయకుడు పోలీసులను తూలనాడితే సంఘం నాయకులు విలేకరుల ముందు కూర్చుని ఖండించడం మీరు టీవీలో చూసే ఉంటారు. అవసరమైన సందర్భాలు ఉంటాయి, కాదనను. కానీ ఆ గొంతు కానిస్టేబుల్ సెలవు దగ్గరికి వచ్చేసరికి అంత గట్టిగా వినిపించకపోవడం నాకు సర్వీసులో ఉన్నప్పుడే నచ్చేది కాదు, సమావేశాల్లో ఆ మాట అనేవాడిని కూడా.

అసలు పని కాగితాల దగ్గర ఉంటుంది. ఒక ఉదాహరణ చెబుతాను, ఊరు పేరు వద్దు. మా దగ్గర 38 ఏళ్ల కానిస్టేబుల్ ఒకరు జాతర బందోబస్తులో గుండెపోటుతో కుప్పకూలిపోయాడు. అంత్యక్రియల ఖర్చుకు శాఖ నుంచి సొమ్ము వచ్చేలోపే తలా ఇంత వేసుకుని ఇచ్చాం. అక్కడితో మా బాధ్యత అయిపోయిందని అనుకున్నాం. నెల తర్వాత అతని భార్య మూడేళ్ల బిడ్డను చంకనేసుకుని మా దగ్గరికి వచ్చింది. సర్వీసు రిజిస్టరు తెరిచి చూస్తే, పెళ్లికి ముందు రాసిన నామినీ పేజీలో తల్లి పేరే ఉంది. పెళ్లయ్యాక మార్చాలని అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. భార్య పేరు ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరుతో, రేషన్ కార్డులో అత్తింటి ఇంటిపేరుతో, తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రంలో ఇంకొక అక్షరక్రమంతో ఉంది. ఆ ఒక్క కారణంతో జీపీఎఫ్ (భవిష్య నిధి), గ్రూపు ఇన్సూరెన్సు, గ్రాట్యుటీ, నిల్వ ఉన్న సెలవుల సొమ్ము, కుటుంబ పింఛను అన్నీ ఒకే చోట ఆగిపోయాయి. సీటులో ఉన్న గుమాస్తా తప్పేమీ లేదు, పేరు కలవని కాగితం మీద అతను సంతకం పెట్టలేడు.

మా కార్యదర్శి, నేను నాలుగు నెలలు చెప్పులు అరిగేలా తిరిగాం. తహసీల్దారు కార్యాలయంలో పత్రం సరిచేయించాం. కొడుకు పోయిన దుఃఖంలో కోడలితో మాట మానేసిన ఆ తల్లి దగ్గర కూర్చుని, ఆమెకు దక్కవలసినది ఆమెకూ, కోడలికి దక్కవలసినది కోడలికీ వచ్చేటట్లు ఇద్దరినీ ఒప్పించాం. కారుణ్య నియామకానికి గడువు దాటకుండా దరఖాస్తు పెట్టించాం. ఆ అమ్మాయి ఇవాళ జూనియర్ అసిస్టెంటుగా పనిచేస్తోంది. ఇందులో నినాదం లేదు, సమ్మె లేదు. అయినా నా సర్వీసు మొత్తంలో పతకం వచ్చిన రోజు కన్నా ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరిన రోజే నాకు ఎక్కువగా గుర్తుంది.

రెండోది, చార్జి మెమో (ఆరోపణలతో శాఖ ఇచ్చే నోటీసు) వచ్చినవాడికి తోడు నిలబడటం. మెమో అందగానే చాలామంది కుర్రాళ్లు భయపడి ‘తప్పయింది, క్షమించండి’ అని రాసి ఇచ్చేస్తారు. ఆ ఒక్క వాక్యం ఇంక్రిమెంటును మింగేస్తుంది. మా రాష్ట్రంలో 1991 నాటి క్రమశిక్షణ నియమాల ప్రకారం, పెద్ద శిక్షకు దారితీసే విచారణలో ఉద్యోగి తన తరఫున మాట్లాడటానికి మరొక ప్రభుత్వ ఉద్యోగి సహాయం తీసుకోవచ్చు. ఆ సంగతి చెప్పి, గడువులోగా సరైన జవాబు రాయించడమే సంఘం చేయగలిగిన మేలు. తప్పు చేసినవాడిని వెనకేసుకురావడం మాత్రం సంఘం పని కాదు. అటువంటి ఒత్తిడి వచ్చిన ప్రతిసారీ మేము కాదనగలిగామని చెప్పలేను, అందుకు ఇప్పటికీ చింతిస్తున్నాను.

మూడోది వినతిపత్రాలు. 2019 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులకు వారానికో రోజు సెలవు ప్రకటించారు. ప్రకటన రావడం ఒక ఎత్తు, స్టేషను డ్యూటీ చార్టులో అది కనిపించడం ఒక ఎత్తు. సిబ్బంది లేని స్టేషనులో చార్టు ఎవరు రాసినా సెలవు ఎగిరిపోతుంది. ఎక్కడ ఎంతమంది తక్కువ ఉన్నారో లెక్క కట్టి అధికారుల ముందు పెట్టడం సంఘం చేయవలసిన పని. ఆ లెక్కలు లేకుండా ఇచ్చిన వినతిపత్రం ఫోటోకు తప్ప దేనికీ పనికిరాదు.

కోరమంగల క్వార్టర్సు:

అక్కా, మా ఆయన కేఎస్‌ఆర్‌పీలో (కర్ణాటక రాష్ట్ర రిజర్వు పోలీసులో) ఉన్నారు. మీ మరదలి భయం నాకు తెలుసు. 2016లో ఆ పిలుపు వచ్చినప్పుడు మా వరుసలోని ఇళ్లన్నిటిలోనూ ఇదే మాట. ఆయన డ్యూటీకి వెళ్లారు. నేను రోజంతా టీవీ ముందే కూర్చున్నాను.

సంఘం లేదని మనవాళ్లకు ఏమీ లేదని మాత్రం అనుకోకండి. వైద్యానికి ఆరోగ్య భాగ్య పథకం ఉంది, మా అత్తగారి ఆపరేషను దానితోనే జరిగింది. ఏప్రిల్ 2న పోలీసు ధ్వజ దినం నాడు అమ్మే జెండాల సొమ్ము సంక్షేమ నిధికి చేరుతుంది. జీతాల మీద ఔరాద్కర్ కమిటీ ఇచ్చిన నివేదికను పట్టుకుని ప్రభుత్వం 2019లో జీతాలు పెంచింది. లేనిది ఏమిటంటే, ఇవన్నీ అడిగి తెలుసుకోవడానికి మనవాళ్లే కూర్చున్న ఒక గది. పిల్లల చదువుకు సంక్షేమ నిధి నుంచి సహాయం వస్తుందని మాకు తెలిసేసరికి రెండేళ్లు గడిచిపోయాయి. రిటైర్డ్ ఎస్సైగారు చెప్పిన పని చేసేవారు ఇక్కడ ఎవరూ లేరని కాదు, మంచి రైటర్ (రాతకోతలు చూసే పోలీసు ఉద్యోగి) ఉన్న చోట ఆయనే చేస్తున్నారు. అటువంటి మనిషి లేని చోట మనమే తిరగాలి.

ఆడుగోడి అక్క:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. తమ్ముడు ఆ గ్రూపులోంచి బయటికి వచ్చాడు, డబ్బు కట్టలేదు. ఆరు నెలలుగా తీసుకోని సెలవు గురించి మాత్రం వాడికి కోపం తగ్గలేదు. దానికి దారి ఏది?

శివాజీనగర్ న్యాయవాది:

రాతపూర్వకంగా, తన పేరుతో, తన కంపెనీ (పోలీసు దళం) అధికారి ద్వారా పై అధికారికి దరఖాస్తు పెట్టమనండి. అందినట్లు తేదీతో సంతకం తీసుకోవాలి. పదిమంది కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టవద్దు, దాన్ని ఇంకో అర్థంలో చూసే అవకాశం ఉంది. ఎవరి కష్టం వారే రాసుకుంటే అందులో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. పత్రికలకో, సోషల్ మీడియాకో ఎక్కించవద్దు. అనుమతి లేకుండా పత్రికలతో మాట్లాడటాన్ని కూడా అదే 1966 చట్టం నియంత్రిస్తోంది.

రిటైర్డ్ ఎస్సై, వైట్‌ఫీల్డ్:

ఒక్కటి చేర్చుతాను. ఈ వారమే మీ తమ్ముడిని కార్యాలయానికి వెళ్లి సర్వీసు రిజిస్టరులో నామినీ పేజీ చూసుకోమనండి. పెళ్లికి ముందే చేరి ఉంటే పాత పేరే ఉండవచ్చు. మీ మరదలి పేరు ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అక్కడ కూడా అలాగే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా చూడాలి. ఆ పని అయ్యాక ఇక్కడ ఒక మాట రాయండి.

ఆడుగోడి అక్క:

సర్, నిన్న చూసి వచ్చాడు. ఆ పేజీలో మా అమ్మ పేరే ఉంది. మార్పు కోసం ఫారం తీసుకున్నాడు, అమ్మ కూడా సరేనంది. సోమవారం ఇస్తున్నాడు.