ప్రసూతి సెలవులో ఉన్న చెల్లిని ఉద్యోగంలోంచి తీసేశారు: విశాఖలో మంచి లేబర్ లాయర్ కావాలి

నమస్కారమండీ. మాది గాజువాక. మా చెల్లి దువ్వాడ వైపు ఒక ప్రైవేటు కంపెనీలో మిషన్ ఆపరేటర్. కాన్పు కోసం సెలవులో ఉంటే, ఇక పనిలోకి రావద్దని లెటర్ పంపారు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది, చూడలేకపోతున్నాం.

మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో సెలవు ఇవ్వాలి, ఆ సెలవులో ఉండగా తీసేయడం చట్టవిరుద్ధం. అప్పీలుకు గడువు 60 రోజులే. అందుకే టెన్షన్.

ఇంటి దగ్గర తెలిసిన లాయరు భూముల కేసులు చూస్తారు. మంచివారే, కానీ ఇది లేబర్ చట్టం తెలిసినవాళ్లే చూడాలని నా అభిప్రాయం. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. అక్కడ లేబర్ కేసుల అనుభవమున్నవాళ్లే కావాలని అడగొచ్చా? బయట పెట్టుకుంటే ఫీజు మొత్తం ముందే ఇవ్వాలా, వాయిదాల్లో తీసుకుంటారా? ఆ లాయరు కంపెనీల తరఫున కూడా వాదిస్తుంటే ఇబ్బందా? కార్మికుల తరఫున నిజంగా కేసులు నడిపారో లేదో ఎలా కనుక్కోవాలి?

విశాఖ లేబర్ కోర్టులో ఇలాంటి కేసు వేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. అపాయింట్‌మెంట్ లెటర్, జీతం స్లిప్పులు, సెలవు దరఖాస్తు, తీసేసిన లెటర్ ఉన్నాయి. ఇంకేమైనా కావాలా?