తిరిగే బ్లేడు చలన సమీకరణం: లెక్కలో స్టిఫ్‌నెస్ ఎందుకు సున్నా అవుతోంది?

కావలి విద్యార్థి:
మా ప్రయోగశాలలో నిలువు షాఫ్టు మోటారు హబ్బుకు 0.65 మిల్లీమీటర్ల మందం గల హ్యాక్‌సా బ్లేడును, అది తిరిగే తలంలోనే వంగేటట్లు, 250 మిల్లీమీటర్లు బయటికి ఉంచి బిగించాము. హబ్బును దృఢ వస్తువుగా, బ్లేడును వంగే వస్తువుగా తీసుకొని, కాంటిలివరు (ఒక కొన బిగించిన దూలం) మొదటి రీతి, అంటే అది కంపించే అతి సరళమైన వంపు ఆకారంతో, శక్తుల నుంచి లెక్కించే లగ్రాంజ్ పద్ధతిలో చలన సమీకరణాలు రాబట్టాను. తిరగనప్పుడు సహజ పౌనఃపున్యం సుమారు 8.5 హెర్ట్జ్ వచ్చింది. కానీ వేగం నిమిషానికి 510 చుట్లకు చేరేసరికి సమీకరణంలో స్టిఫ్‌నెస్ (వంపును ఎదిరించే బిగువు) సున్నా అవుతోంది. ఇనుప జాలీ అడ్డుపెట్టి 900 చుట్ల దాకా తిప్పి చూస్తే బ్లేడు వంగకుండా తిన్నగానే నిలిచింది. మూడుసార్లు మొదటి నుంచి చేసినా అదే ఫలితం వస్తున్నది. తప్పు ఎక్కడుందో దయచేసి చెప్పగలరు.

నెల్లూరు సభ్యుడు:
ఒక్క రీతి చాలదేమోనండి. మూడు నాలుగు రీతులు కలిపి చూడండి.

ఒంగోలు అధ్యాపకుడు:
రీతులు ఎన్ని కలిపినా ఈ లోపం పోదు. నిమిషానికి 510 చుట్లంటే సెకనుకు 8.5 చుట్లు, అంటే బ్లేడు సహజ పౌనఃపున్యమే. ఆ రెండూ కలవడంలోనే మీ తప్పు బయటపడుతున్నది. గతిజ శక్తిలో వంపు వర్గాన్ని కోణీయ వేగ వర్గంతో గుణించిన పదం స్టిఫ్‌నెస్‌ను తగ్గిస్తుంది. దాన్ని మీరు సరిగానే రాశారు. అయితే బ్లేడు వంగినప్పుడు దాని కొన హబ్బు వైపు కొద్దిగా జరుగుతుంది. ఆ జరుగుబాటు వాలు వర్గపు సమాకలనంలో సగం. చిన్నదని దాన్ని మొదటే వదిలేస్తే, పెద్దదైన అపకేంద్ర పదంతో గుణించినప్పుడు రావలసిన రెండో ఘాత పదం కూడా పోతుంది. శక్తిని పూర్తిగా రాసిన తరువాతే సరళీకరించాలి. 1987లో కేన్, రయాన్, బెనర్జీ తమ పత్రంలో చూపినది ఈ లోపాన్నే.

చేతితో సరిచూసుకోవడానికి హబ్బు వ్యాసార్థాన్ని సున్నాగా, వంపును దూరపు వర్గంగా తీసుకోండి. ప్రమాణ పొడవు ద్రవ్యరాశి, కోణీయ వేగ వర్గం, పొడవు అయిదో ఘాతం, ఈ మూడింటి లబ్ధానికి తగ్గించే గుణకం 1/5, మీరు వదిలేసిన పదపు గుణకం 4/15. నికరంగా 1/15 మిగులుతుంది, అదీ ధనాత్మకంగా. ఈ ఆకారం తిరగనప్పటి పౌనఃపున్యాన్ని 27 శాతం ఎక్కువ చూపుతుంది కనుక గుర్తు తేల్చుకోవడానికే వాడి, అసలు లెక్కకు మీ రీతినే ఉంచండి. మా వైపు మెట్ట పొలాల్లో పిట్టలను తోలే వడిసెల తాడుకు సొంత బిగువంటూ ఏమీ లేదు, తిప్పితే మాత్రం కర్రలా నిలుస్తుంది.

కావలి విద్యార్థి:
కృతజ్ఞతలు సార్. హబ్బు వ్యాసార్థాన్ని కూడా కలిపి తిరిగి రాబట్టాను. ఇప్పుడు వేగంతో పాటు స్టిఫ్‌నెస్ పెరుగుతున్నది. బ్లేడును పడుకోబెట్టి, పైకీ కిందికీ వంగేటట్లు బిగిస్తే ఇదే సమీకరణం పనికి వస్తుందా?

ఒంగోలు అధ్యాపకుడు:
రాదు. ఆ వంపు షాఫ్టుకు సమాంతరంగా ఉంటుంది కనుక తగ్గించే 1/5 పదం అసలు పుట్టదు, 4/15 పూర్తిగా మిగులుతుంది.