వాన చప్పుడు స్పీకర్లోనా, చేతుల్లోనా?

ప్రశ్న: మారతహళ్లి ప్లేస్కూల్
మాది బెంగళూరు. 3–5 ఏళ్ల పిల్లలు 12 మంది, తెలుగు కన్నడ కలగలిసిన బ్యాచ్. వారానికి రెండు రోజులు, 25 నిమిషాల పాట-ఆట క్లాసు. బ్లూటూత్ స్పీకర్లో వాన, ఉరుము, పిట్టల రికార్డింగులు పెట్టి ఆడించమని మేనేజ్‌మెంట్. చేత్తో చేసే చప్పుళ్లు చాలని టీచర్లు. ఎవరిది రైటు?

తాళంచిప్ప:
టీచర్లదే. వానకి తాళం లేదు. దానికి అడుగులెయ్యమంటే పిల్లలు కాసేపు చూసి పరుగులు మొదలెడతారు. అది అల్లరి కాదు, పట్టుకోడానికి ఏమీ దొరక్కపోవడం.
చేతుల వాన ఇలా పెట్టండి. అరచేతులు రుద్దితే గాలి. ఒక వేలితో అరచేతి మీద కొడితే తుంపర, తర్వాత రెండు వేళ్లు, నాలుగు వేళ్లు. తొడల మీద చరిస్తే జోరువాన, కాళ్లతో నేల దంచితే ఉరుము. ఒక్కోటి ఎనిమిది లెక్కలు, ఆపైన అదే దారిన వెనక్కి. తుంపరకి చిటికెలు పెట్టకండి. మూడు నాలుగేళ్ల వాళ్లలో చాలామందికి చిటికె పలకదు, వేళ్లు చూసుకుంటూ ఉండిపోతారు. వెనక్కొచ్చే సగం దగ్గర తొందరపడొద్దు. గట్టిగా కొట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు, తగ్గించడమే నేర్పాలి.

ఆంప్లిఫయర్:
తాళం లేనిదాన్ని అడుగులకి వాడటం ఎందుకు? పాత చున్నీ ముక్కలు చేతికిచ్చి గాలి చప్పుడుకి ఊగమనండి, చక్కగా కుదురుతుంది. రికార్డింగుతో అసలు చిక్కులు వేరే ఉన్నాయి. అరచేతంత స్పీకర్‌ ఉరుములోని లోతు గొంతు పలకలేదు, కాగితం చింపినట్టు చిటపట మాత్రమే వస్తుంది. ఉరుముకి ఖాళీ 20 లీటర్ల నీళ్ల క్యాన్ బోర్లించి గుప్పిటతో కొట్టండి, దాని ముందు ఏ స్పీకరూ ఆగదు!
ఇంకోటి, బ్లూటూత్‌లో పాజ్ నొక్కాక కూడా చప్పుడు ఒక్క క్షణం సాగుతుంది. ‘ఆగగానే బొమ్మలా నిలబడు’ ఆటలో టీచర్ వేలు చూసినవాడు ముందు ఆగుతాడు, చెవితో విన్నవాడు వెనకబడతాడు. నిజంగా విన్నవాడే ఓడిపోతాడన్నమాట. బ్లూటూత్ బదులు ఫోన్‌ని స్పీకర్‌కి నేరుగా కలిపే ఆక్స్ వైరు పెడితే ఆ గొడవ పోతుంది. టైల్స్ గదైతే జంబుఖానా పరచండి, స్పీకర్‌ని మూలన పెట్టకండి, గుమ్మంటుంది.

గోరింక:
తాళంచిప్ప గారూ, తాళం లేదనడం వాన వరకే. కాపర్‌స్మిత్ బార్బెట్ అనే పిట్టని వినండి, కంసాలి సుత్తి కొట్టినట్టు టుక్ టుక్ టుక్, నిమిషానికి వంద పైనే, తూకం తప్పకుండా. దానికి గెంతించొచ్చు. కోకిల కూత మెట్టు మెట్టుగా పైకెళ్తుంది కాబట్టి గొంతుక్కూర్చుని కూతకి కొంచెం చొప్పున లేవడం. గద్ద ఈల సాగుతూ వణుకుతుంది, చేతులు చాపి తేలడానికి. మూడూ బెంగళూరులో వినిపించేవే.
‘అడవి పక్షులు’ అని గంటల తరబడి సాగే ట్రాకులు మాత్రం వద్దు. వాటిలో చాలాసార్లు విదేశీ పిట్టలుంటాయి, పిల్లాడు కిటికీ బయట ఎన్నడూ వినని గొంతు. పిట్టల గొంతుల రికార్డింగులుండే జెనో-కాంటో వెబ్‌సైట్‌లో పిట్ట పేరు కొట్టి 20 సెకన్ల ముక్క తీసుకోండి. వీలైతే ఆదివారం పొద్దున్నే కబ్బన్ పార్క్‌కి పంపమని పేరెంట్స్‌కి చెప్పండి, లోపల బండ్లు తిరగవు.

తాళంచిప్ప:
బార్బెట్ ఒప్పుకున్నా. వానకి మాత్రం నా మాట మారదు.

ప్రశ్న: మారతహళ్లి ప్లేస్కూల్
పిల్లలు ఊపి చప్పుడు చేసే షేకర్లలో ఏం పొయ్యాలి?

తాళంచిప్ప:
200 మి.లీ. ప్లాస్టిక్ సీసాలో రెండు చెంచాల రాగులు, తుంపర. కందిపప్పైతే జోరు. పావు సీసా దాటితే గింజలు కదలవు, చప్పుడు చచ్చిపోతుంది. స్టీలు డబ్బా వద్దు, 12 మంది ఒకేసారి ఊపితే చెవులు గళ్లుమంటాయి. మూతకి జిగురు రాసి పైన టేప్ చుట్టండి. ఉత్త టేప్ వేస్తే గోళ్లతో పీకుతారు, గింజ ముక్కులోకి పోతుంది.