"కాపురస్తురాలు అంటే ఏమిటండీ?"

సమూహంలోని పెద్దలకు నమస్కారం. తెనాలిలో దస్తావేజులు రాయడం నా పని. ఈ పనిలో 26 ఏళ్ళు నిండాయి. అమ్మకం, తనఖా, పంపకం, దాన సెటిల్‌మెంటు, ఏది రాసినా మొదటి పేరాలో ఒక మాట తప్పదు: ఫలానా వారి కుమారుడు, ఫలానా గ్రామ కాపురస్తుడు. ఆడవారైతే కాపురస్తురాలు. ఎన్ని వేలసార్లు రాసి ఉంటానో. ఆ మాట ఎక్కడిదని ఒక్కనాడూ ఆలోచించలేదు.

పోయిన నెలలో మా ఇల్లు మా ఆవిడ పేరున పెట్టాను. 120 గజాల్లో రెండు గదులు, ఒక వసారా. స్థలం నా పేరున కొన్నదే గానీ, ఇల్లు లేచింది ఆవిడ చీటీ డబ్బుతో. శ్లాబు వేశాక 21 రోజులు పైన మళ్ళు కట్టి నీళ్ళు నిలబెట్టమన్నాడు మేస్త్రి. మే నెల. పొద్దున నింపిన నీళ్ళు మధ్యాహ్నానికి ఇంకిపోయేవి. పిల్లాణ్ణి పక్కింట్లో వదిలి, రోజుకు మూడుసార్లు మెట్లెక్కి బిందెలతో నీళ్ళు పోసింది ఆవిడే. నేను ఆ 21 రోజులూ ఊళ్ళోవాళ్ళ ఆస్తులకు హద్దులు రాస్తూ కూర్చున్నాను.

దాన సెటిల్‌మెంటులో ఒక వాక్యం ఉంటుంది: "మీ యందు నాకు గల ప్రేమాభిమానముల కొద్దీ". అమ్మకం కాగితంలో సొమ్ము అంకె ఉండే చోట ఇక్కడ ఈ మాట ఉంటుంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 122వ సెక్షను ప్రకారం దానానికి ప్రతిఫలం ఉండకూడదు, పుచ్చుకునేవాళ్ళు ఆమోదించాలి. పరాయివాళ్ళ కాగితాల్లో కళ్ళు మూసుకుని రాసే వాక్యమే. ఆ రోజు మాత్రం "ప్రతిఫలము ఏమియు లేకుండా" దగ్గర చెయ్యి ఆగిపోయింది. లేకపోవడమేమిటి? శ్లాబు మీద పోసిన నీళ్ళు ఏ ఖాతాలో రాయాలి? చట్టానికి ఆ సంగతి పట్టదు కాబట్టి రాసేశాను.

సంతకాలకు ముందు చదివి వినిపించాను. అంతా విని ఆవిడ ఒక్క మాటే అడిగింది. "ఏమండీ, కాపురస్తురాలు అంటే ఏమిటి? కాపురం చేసేదనా?"

అవుననబోయి ఆగాను. పెళ్ళికాని కుర్రాడికీ కాపురస్తుడనే రాస్తాం. ఎవరూ లేని 80 ఏళ్ళ ముసలాయనకూ అదే రాస్తాం. మరి వాళ్ళది ఏ కాపురం?

ఇంటికొచ్చి వెదికాను. బ్రౌన్ నిఘంటువు 1903 కూర్పులో కాపురానికి నివాసమనే అర్థం కనిపించింది. మనం అనుకుంటూనే ఉంటాం కదా, "వాళ్ళు మా వీధిలోనే కాపురం ఉంటున్నారు", "అద్దె కాపురం" అని. అమ్మాయి కాపురానికి వెళ్ళిందన్నా ముందు ఇల్లు మారిందనే. అక్కడితో తృప్తి కలగలేదు. ఈ కాపురంలోని "కాపు", "కాచు" నుంచి వచ్చిందేనా? పైరు కాచు, గొర్రెలు కాచు అంటాం, ఆ కాచు. తెలిసినవారు చెప్పండి. ఆవిడకు జవాబు బాకీ ఉన్నాను.

వ్యాఖ్య 1 (రాజమండ్రి నుంచి, తెలుగు పంతులమ్మ):
అన్నగారూ, మీ అనుమానం సరైనదే. చూచు–చూపు, మోచు–మోపు, కాచు–కాపు, ఈ వరస గమనించండి. క్రియ చివరి "చు" పోయి "పు" వస్తే నామవాచకం. ఆ కాపు చుట్టూ పెద్ద కుటుంబమే ఉంది: కాపరి, కాపలా, కావలి, కాపాడు. ఒక చోట నిలిచి నేలను చూసుకునేవాడు కాపు, అంటే రైతు. అలా నిలిచి ఉండటం కాపురం. మీ దస్తావేజు ఆ పాత అర్థాన్ని చెక్కుచెదరకుండా దాచింది. నాకు చాలా సంతోషమనిపించింది.

ఒక జాగ్రత్త. "పాలు కాచు", "చెట్టు కాచు", "కావలి కాచు" మూడూ ఒకటి కావు. బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (రెండో కూర్పు 1984) రక్షణకు ఒక పద్దు, వేడికి ఒకటి, ఫలానికి ఒకటి వేరువేరుగా ఇచ్చింది. తమిళంలో ఆ తేడా ఇంకా వినిపిస్తుంది: కాప్పు అంటే రక్షణ, కాయ్చ్చు అంటే మరిగించు. మన నోట్లో అన్నీ కలిసి ఒకే కాచు అయ్యాయి.

వ్యాఖ్య 2:
కాపురంలో సంస్కృత "పురం" లేదా అండీ?

పంతులమ్మగారి జవాబు:
లేదండీ. చెవికి అలా వినిపిస్తుంది, అంతే. పురం అనుకుంటే ముందు మిగిలిన "కా"కు అర్థం చెప్పలేం. సంస్కృతం కావాలంటే పక్కనే "సంసారం" ఉంది. అది "సృ" ధాతువు నుంచి వచ్చింది, కదలడం, ప్రవహించడం. జన్మ తరవాత జన్మగా తిరుగుతూ ఉండటాన్ని సంసారమన్నారు. మనం ఆ మాటను ఇంటికి తెచ్చుకుని ఆలుమగల బతుకుకు పెట్టుకున్నాం. ఒకే బతుకుకు రెండు పేర్లు, ఒకటి తిరగడం, ఇంకొకటి ఒకచోట నిలిచి కాయడం. నాకైతే రెండోదే ఇష్టం.

వ్యాఖ్య 3 (నల్లగొండ):
అన్నా, మా దిక్కు కాపుదనం అంటే ఎవుసమే. మా చిన్నప్పుడు చేన్ల అడివిపందులు పడ్తయని మా నాయిన రాత్రిళ్ళు మంచె మీదనే పండేటోడు. మా అమ్మ పొద్దుగూకంగ సద్ది కట్టుకొని పోయేది. ఇచ్చి రావచ్చు గద, రాకపోయేది. "మీ నాయినకు నిద్ర ఆగదు, కునుకు తీస్తే పందులు పడ్తయి" అని ఆడనే కూసునేది, తెల్లారేదాంక ముచ్చట పెట్టుకుంట. చేను కాసింది నాయిన, నాయినను కాసింది అమ్మ. మీ పోస్టు సదివి అమ్మకు ఫోన్ చేసిన. "గా ముచ్చట ఇప్పుడెందుకు యాదికొచ్చింది బిడ్డా" అని నవ్వింది.

నా జవాబు:
తమ్ముడూ, మీ అమ్మగారికి నా దండాలు చెప్పండి. మీరు రాసింది చదివాక మా వంటగది గుర్తొచ్చింది.

మార్చి నెలాఖరున మాకు పని ఎక్కువ. ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర దాటుతుంది. బయట లైటు వేసే ఉంటుంది. పాలు కాచి, గోరువెచ్చగా దింపి, మూత పెట్టి ఉంటాయి గానీ తోడు వేసి ఉండదు. నాకు పడుకునే ముందు ఒక గ్లాసు పాలు తాగే అలవాటు. ముందే తోడు వేసేస్తే తను తొమ్మిదింటికే పడుకోవచ్చు. వెయ్యదు. నా గ్లాసు వేరే తీసిపెట్టి మిగతావి తోడు వెయ్యొచ్చు కదా అన్నానొకసారి. "చల్లారిపోతాయి, మళ్ళీ వెచ్చబెడితే మీగడ అట్ట కట్టి మీకు నచ్చదు" అంది. నేను తాగి గ్లాసు కింద పెట్టాక, మిగిలిన పాలల్లో చిన్న చెంచాడు పెరుగు వేసి, రెండుసార్లు తిరగబోసి, చిల్లుల మూత పెట్టి అప్పుడు లైటు ఆపుతుంది. 23 ఏళ్ళుగా ఇదే వరస. నేనేదో పనిమీద అలిసి వచ్చాననే అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. అదే వేళ దాకా తనూ మేలుకునే ఉందని లెక్కలోకి తీసుకోలేదు.

వ్యాఖ్య 4 (హోసూరు):
సార్, మేము తమిళనాట ఉన్న తెలుగువాళ్ళం, కన్నడం కూడా ఇంట్లో భాషే. కన్నడంలో "కాయు" అంటే కావలి ఉండేదీ అదే, ఎదురుచూసేదీ అదే. తమిళంలో "కాత్తిరు" అంటే ఎదురుచూడు. మా అవ్వ తెలుగులోనే "నీకోసరం కాసుకోని ఉండా" అనేది. కాసుకోవడమంటే ఎదురుచూడటమూ, కనిపెట్టుకుని ఉండటమూ రెండూ అందులోనే ఉన్నాయి. మీ ఇంటావిడగారు పాలు దింపి చేసింది ఆ పనే.

వ్యాఖ్య 3 మళ్ళీ:
అన్నా, ఒకటి చూసిన్రా? పాలల్ల ఏసేది తోడు. మనిషికి ఉండేది తోడు. చీకట్ల బయటికి పోతే "తోడు రా" అంటం. అది సుత ఒకటే మాటేనా?

పంతులమ్మగారి జవాబు:
ఒకటే మాట. జత, సాయం అనే అర్థమే పాలకూ వచ్చింది. కొన్ని ఊళ్ళలో చేమిరి అంటారు, మా ఇంట్లో తోడే.

నా జవాబు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఆవిడకు బాకీ తీర్చాను. వంటగది గుమ్మంలో నిలబడి, కాచు దగ్గర మొదలుపెట్టి, కాపు, కాపరి, నల్లగొండ మంచె, హోసూరు అవ్వ, అన్నీ వరసగా చెప్పాను. శ్లాబు నీళ్ళ సంగతీ చెప్పాను. ఆ రోజు కాగితంలో రాయలేకపోయింది అదేనని కూడా చెప్పాను. ఇలాంటివి నోటితో చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. గొంతు కొంచెం తడబడింది.

ఆవిడ మల్లెమొగ్గలు చాటలో పోసుకుని మాల కడుతోంది. తలెత్తకుండానే అడిగింది, "మరి ఆ కాగితంలో మిమ్మల్నేమని రాశారు?"

"దాత. తెనాలి కాపురస్తుడు."

"అయితే పొయ్యి మీద పాలున్నాయి, పొంగకుండా చూడండి. ఇంకో మూర ఉంది నాకు."

వెళ్ళి గిన్నె దగ్గర నిలబడ్డాను. అంచుల వెంబడి చిన్న బుడగలు లేచాయి, మీగడ మధ్యలో ముడత పడింది. పొంగు పైకి రాగానే మంట తగ్గించాను.